మూడో రోజు పదకొండింటికి గుట్టకు నడక

నాకు ఒక్కకాడ కూసునుడు చిన్నప్పటి నుంచే చాతకాదు. అసుంటోనికి దొరికిన కొలువు చూడున్రి. దోహాల, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దిక్కు, ఒక చిన్న ట్రావెల్ ఆఫీసుల పొద్దంత కుర్చీకి అతుక్కొని మందిని దేశాలు తిప్పుడు. టికెట్లు, వీసా కాయిదాలు, హోటళ్లు అన్ని నేనే చూస్త. నేను మాత్రం తిరిగింది హైదరాబాద్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాద్. ఏడేండ్లల్ల గంతే. జగిత్యాల దిక్కు మా ఊరోళ్లు దీన్ని గూడ దుబాయ్ అనే అంటరు. మొదట్ల దిద్దుతుంటి, ఇప్పుడు ఊకున్న.

ఆఫీసుల నాదొక పని మస్తు నడిచేది. ప్లాన్ రాసుడు. ఏ ఊరికి పోతే ఏ గంటకు ఏం చెయ్యాల్నో తెలుగుల రాసి వాట్సాప్‌ల పంపుడు. ముసలోళ్లను, పిల్లలను తోలుకొని పోయేటోళ్లకు అది కావాలె. ‘పదింటికి కోట. మెట్లు ఎక్కువున్నయి, అమ్మను కింద బెంచీ మీద కూసోబెట్టాలె. పన్నెండింటికి చాయ్.’ గిట్ల ఉంటుండె నా రాత. నేను చూడని ఊరి మెట్లు నేను చెప్తుంటే మంది నమ్మేది. వీడియోలు చూసుడు, ఫోటోలు పెద్దగ చేసి చూసుడు, గదే నా విద్య. ఆ వీడియోలు గూడ నేను నిమ్మళంగ చూసేటోన్ని కాదు. డబుల్ స్పీడ్ పెట్టి, నడుమ నడుమ దుంకిచ్చుకుంట చూసేటోన్ని.

గల్ఫ్‌ల ఏడేండ్లు ఉంటే నాలికకు ఒక మాట అంటుకుంటది. మాఫీ ముష్కిల్. ఏం కష్టం లేదు, అయితది అని. అయ్యేదానికీ అదే మాట, కానిదానికీ అదే మాట. సైటు మీద మేస్త్రీని ఈ గోడ రేపటికి లేస్తదా అని అడిగితే మాఫీ ముష్కిల్ అంటడు. తెల్వదు అన్నోడు తెల్లారి డ్యూటీల ఉండడని మా అందరికి ఒక భయం. మా సేటు గూడ నేను చేరిన మొదటి దినమే చెప్పిండు. సేటుది నిజామాబాద్, ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు. "కస్టమర్ ముంగట తెల్వదు అనకు భాయ్. తెల్వకపోతే చూస్త అను. చూడకపోతే చూసిన అను" అన్నడు. ఆయన నవ్వుకుంట అన్నడు. నేను మాత్రం ఆ మాట గట్టిగ పట్టుకున్న.

రంజాన్ ఉపవాసాలు నడుస్తుండంగ ఒక డాక్టరమ్మ వచ్చింది. పళ్ల డాక్టరు, అల్ అజీజియాల ఉంటరు. మొగడు, ఇద్దరు పిల్లలు, మొగని తల్లి. ఈద్ సెలవులకు వేల్స్ పోవాలెనంట. పిల్లల ఇంగ్లీషు టీచరమ్మ అక్కడి మనిషంట, ఆమె క్లాసుల ఆ సముద్రం ముచ్చట్లు చెప్పి చెప్పి పిల్లల నెత్తి ఖరాబు చేసింది. "లండన్ అందరూ వెళ్తారండీ. మేం వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఐదు రోజులుంటాం. అక్కడ ఏమేం చేయొచ్చో గంట గంటకీ రాసివ్వండి" అన్నది.

నాకు వేల్స్ ఏడ ఉన్నదో గూడ తెల్వదు. "మాఫీ ముష్కిల్ మేడం" అన్న.

రెండు దినాలు కూసొని నెట్ల తవ్విన, ఇంగ్లండ్ పక్కననే ఉన్నదంట. వాళ్లు దిగే ఊరు మంచిదే. రేవు గోడ మీద కూసొని దారానికి మాంసం ముక్క కట్టి పీతలు పడుతరంట, పట్టి మళ్ల నీళ్లల్లనే ఇడుస్తరంట. అది చదివి నాకు నవ్వొచ్చింది. మావోళ్లయితే పులుసు పెట్టుకొని తింటుండె. సముద్రం పక్కపొంటి బొగ్గు బండి, అంటే ఆవిరి రైలు, పిల్లలెక్కేటంత చిన్నది. ఒడ్డు మీద పాతబడ్డ కోట. సముద్రం లోపలి దాంక కట్టెలతోని కట్టిన వంతెన, దాని మీద ఆటలు. ఆలుగడ్డ ముక్కలు, ఏంచిన చేప, కాయిదంల చుట్టి ఇస్తరు, తినేటప్పుడు పక్షులు గుంజుకపోతయి, నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాలెనని గూడ రాసిన. నీళ్లు సల్లగుంటయి, వాన ఎప్పుడొస్తదో దేవునికి ఎరుక, అందుకని అందరికి వాన కోట్లు. డాక్టరమ్మ అత్తకు, ఆ పెద్దమ్మకు, పులిహోర పొడి, ఆవకాయ మరువొద్దు.

ఇగ మూడో రోజు. వాళ్లు దిగే ఇంటి ముంగటనే, సముద్రం నడుమ, ఒక గుట్ట ఉన్నది. పచ్చగ, పండుకున్న బర్రె తీరుగ. ఫోటోల ఒడ్డు నుంచి గుట్ట దాంక రాళ్లు, ఇసుక, సాఫ్ తొవ్వ. మంది చేతులు ఊపుకుంట నడుస్తున్నరు. నాకు అది బాగ నచ్చింది. రాసిన. ‘మూడో రోజు పదకొండింటికి గుట్టకు నడక. ఒంటిగంటకు గుట్ట మీద పగటి బువ్వ. మూడింటికి వాపస్.’

ప్లాన్ చూపియ్యనీకె పిలిస్తే డాక్టరమ్మ తన అత్తను గూడ తీస్కొచ్చింది. పెద్దమ్మది ఉప్పాడ దిక్కు, సముద్రం ఒడ్డు ఊరు. తెల్లగ నెరిసిన జుట్టు, చేతిల కర్ర, కుడి మోకాలు నొప్పి. కోట, బొగ్గు బండి, ఏది చూపిచ్చినా తల ఊపింది. గుట్ట ఫోటో కాడ మాత్రం ముందుకు వంగింది. శానా సేపు చూసింది.

"దీన్ని నేను ఎక్కగలనా నాయనా?" అని అడిగింది.

"మాఫీ ముష్కిల్ అమ్మా. తొవ్వ చదునే. మెల్లగ పోవచ్చు" అన్న.

"మరి అక్కడ సముద్రం వచ్చే వేళా, పోయే వేళా చూశావా?"

మాట సాఫ్ ఇనబడ్డది. అర్థం గూడ అయింది. కాని నాకేమనిపిచ్చిందంటే, ముసలామెకు భయం ఉన్నది, అందుకే అడుగుతున్నది. సముద్రం ఏడికి పోతది, ఉన్నకాడనే ఉంటది గద. మా దిక్కు చెరువు ఉన్నది, ఎండాకాలం గుంజుతది, వానకాలం నిండుతది. కాలువ ఉన్నది, డ్యాముల గేటు లేపితే నీళ్లొస్తయి, ఇన్ని దినాలని పేపర్ల ఏస్తరు. ఒక్కటే దినంల వచ్చి పోయే నీళ్లు నేను పుట్టి బుద్ధెరిగి చూడలే. సముద్రం అంటే నాకు కార్నిష్, దోహా ఒడ్డు పొంటి రోడ్డు. అక్కడ గోడ కట్టి ఉన్నది, నీళ్లు గోడకు తాకుకుంట ఉంటయి, మేం గోడ మీద కూసొని పల్లీలు తింటం. గంతే నాకు తెలిసిన సముద్రం.

పక్క టేబుల్ కాడ సేటు ఉన్నడు. ఉపవాసం మీద ఉన్నడు, చెవులు మాత్రం మాదిక్కే.

"చూసినమ్మా" అన్న.

పెద్దమ్మ నా మొఖం దిక్కు ఒక్కసారి చూసింది. కోడలు "అన్నీ ఆయన చూసుకుంటారు అత్తయ్యా" అన్నది. ప్లాన్ ఫోన్ల పంపిన. సంతకాలైనయి. వాళ్లు పోయిన్రు. ఈద్ సెలవులు రానే వచ్చినయి, ఇమానం ఎక్కిన్రు.

నాకు గూడ సెలవే. మా చిన్నాయన, అంటే మా నాయనకు చిన్నాయన కొడుకు, ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీల షట్టరింగ్ పని చేస్తడు, కూలీలు ఉండే క్యాంప్‌ల ఉంటడు. శుక్కురారం క్యాంపోళ్లందరు కలిసి బస్సు మాట్లాడి సముద్రం కాడికి పోతున్రు, నువ్వు గూడ రా అని పోరు పెట్టిండు. ఎండలు ఇంక ముదరలే. అందరం మా దిక్కోళ్లమే. తెల్లారంగ బయలెల్లినం. అల్ ఖోర్ దాటి ఇంక కొంత పోయినంక మంది లేని ఒడ్డు.

దిగి చూస్తే నీళ్లు యాడనో దూరం ఉన్నయి. నడుమ గట్టిగ, చదునుగ, తడి ఇసుక. ఇల్లు అలికి పెట్టినట్టు ఉండె. చిన్నాయన మురిసిపోయిండు. "బస్సు కాడ ఉసికె మెత్తగుంది, కాలు దిగబడుతది. గీడ చూడు, సీసీ రోడ్డు లెక్కుంది. గీన్నే ఏద్దాం" అన్నడు. అందరం జంపకానాలు, గ్యాస్ పొయ్యి, గిన్నెలు, మటన్, ఉల్లిగడ్డ సంచి అన్ని మోసుకొని ఆ తడి ఇసుకల నడుమకు పోయి సంసారం పెట్టినం. చెప్పులన్ని ఒకకాడ వరుసగ ఇడిసినం. అంతమంది మొగోళ్లం, ఒక్కనికన్న ఈ ఇసుక ఎందుకు తడిగున్నదని అనుమానం రాలే.

మసాలా ఏగుతున్నది. నాకు కూసునుడు చాతకాదని చెప్పిన గద, ఆ పక్క, ఈ పక్క తిరుగుతున్న. పది దాటింది. చిన్నాయన గంటె పట్టుకొని కలుపుతున్నోడు తన కాళ్ల దిక్కు చూసుకున్నడు.

"అరేయ్, నీళ్ల క్యాన్ ఎవడు ఒలకపోసిండు?"

ఎవ్వడు పొయ్యలే. నీళ్లు వాటంతటవే వచ్చినయి. సప్పుడు లేదు, అలలు లేవు, ఇసుక మీద సన్నగ జారుకుంట వచ్చినయి. చూస్తుండంగనే జంపకాన అంచు తడిసింది, చెప్పులు లేసి తేలినయి. ఒకడు మబ్బు దిక్కు చూసిండు, యాడన్న వాన పడి వాగు వచ్చిందేమో అని. చిన్నాయన అయితే "ఎవడో గేటు ఇప్పిండురా, ఉరుకున్రి" అని గిన్నె లేపిండు. మటన్ గిన్నె నెత్తిన పెట్టుకొని చిన్నాయన, పొయ్యి సంకల పెట్టుకొని ఇంకొకడు, లుంగీలు పైకి కట్టి అందరం బస్సు దిక్కు ఉరికినం. ఉల్లిగడ్డలు నీళ్ల మీద తేలుకుంట మా ఎనుకనే వచ్చినయి.

ఒడ్డు మీద ఒక బెంగాలీ వల కుట్టుకుంట కూసున్నడు. మమ్ముల చూసి వాని నవ్వు ఆగుతలేదు. "పానీ ఆతా హై, జాతా హై. దిన్ మే దో బార్" అన్నడు. రోజుకు రెండు మాట్ల వస్తయంట, పోతయంట. ప్రతి దినం. అన్ని సముద్రాలు గంతేనంట.

అందరు నవ్వుతున్రు. నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే ఆగిపోయిన. 

గుట్ట.

ఆ ఫోటోల తొవ్వ తడిగ ఉండె. రాళ్ల మీద పచ్చగ నాచు ఉండె. నేను పెద్దగ చేసి చూసిన ఆ నాచును. చూసి, వాన పడ్డదేమో అనుకున్న.

ఇయ్యాల శుక్కురారం. వాళ్లకు మూడో రోజు. ఫోన్ చూసిన. ఇక్కడ పదిన్నర, అక్కడ ఎనిమిదిన్నర. ఇంక రెండున్నర గంటల్ల ఆ పిల్లలు, కర్ర పట్టుకొని ఆ పెద్దమ్మ, నా ప్లాన్ చేతిల పట్టుకొని ఆ తొవ్వల నడుస్తరు. ఒంటిగంటకు పైన కూసొని బువ్వ తింటరు. మూడింటికి వాపస్ అని రాసిన గద, మూడింటికి లేస్తరు. నీళ్లు కనబడితె గూడ దిగుతరేమో. నేను రాసిన రాత మీద మందికి గంత నమ్మకం, నాకెరుకే.

డాక్టరమ్మకు ఫోన్ కొట్టిన. కలుస్తలేదు. మెసేజ్ పెట్టిన, ‘మేడం గుట్టకు పోవద్దు, నీళ్లొస్తయి.’ ఒక్కటే టిక్కు పడ్డది. మళ్ల పెట్టిన. ఒక్కటే టిక్కు. ఆమె మొగని నంబరు నా ఫోన్ల లేదు, ఆఫీసుల ఫైలుల ఉన్నది. వాళ్లు దిగిన ఇంటామె నంబరు మాత్రం బుకింగ్ మెయిల్‌ల దొరికింది. చేసిన. శానా సేపటికి ఎత్తింది. ముసలి గొంతు, మంచి మనిషి. నా ఇంగ్లీషు అసలే అంతంత మాత్రం, ఆ గాబరాల అది గూడ పోయింది. ఎట్లనో చెప్పిన.

వాళ్లు పొద్దున్నే సంచులల్ల బువ్వ కట్టుకొని ఎల్లిపోయిన్రంట. ఎటు పోయిన్రో ఆమెకు ఎరుక లేదు. గుట్ట తొవ్వ ఇయ్యాల పన్నెండున్నరకు మూసుకుంటదంట. మళ్ల పొద్దుగూకినంకనే తెరుచుకుంటది. "పైన చిక్కితే పైనే ఉండమని చెప్పు బాబూ. నీళ్లలో దిగొద్దని చెప్పు. ఆ నీళ్లు మనుషుల్ని లాగేస్తాయి" అన్నట్టు చెప్పింది. ఒడ్డున బోర్డు ఉంటది, చదువుతరు గద అని గూడ అన్నది. అవ్వా, మావోళ్లు బోర్డు చదువరు, ప్లాన్ చదువుతరు. అది ఆమెకు ఇంగ్లీషుల ఎట్ల చెప్పాలె. తను గూడ ఒడ్డు దాంక పోయి చూస్త అన్నది, మోకాళ్లు నొప్పులు, జర టైం పడుతది అన్నది. అక్కడ గూడ మోకాళ్లే.

కాలు నిలుస్తలేదు. ఒడ్డు మీద ఆ కొసకు పోయిన, ఈ కొసకు వచ్చిన. చిన్నాయన పిలిచిండు, తిందాం రారా అని. బస్సు పొద్దుగూకితె గని కదలదు. "నాకు ఆఫీసుల అర్జెంటు పనున్నది, పోవాలె" అన్న. "ఈద్ నాడు ఏం పనిరా నీకు, పిచ్చి లేసిందా?" అన్నడు. చెప్పిన. మొత్తం చెప్పిన. చిన్నాయన గంటె కింద పెట్టి నా మొఖం చూసిండు.

"నీకు తెల్వనప్పుడు తెల్వదని చెప్పరాదా?"

"నువ్వు చెప్తవా నీ ఫోర్‌మన్‌కు?" అన్న. కోపం వచ్చింది నాకు. ఆయన మీద కాదు గని ఆయన మీద పోయింది.  చిన్నాయన బెంగాలీ దగ్గరికి పోయి మాట్లాడిండు. వాని దోస్తు ఒకడు చేపల పికప్ తీస్కొని దోహా పోతున్నడు. నన్ను దాంట్ల ఎక్కిచ్చిండు.

చేపల వాసన, ఆ డ్రైవర్ పాటలు, సాఫ్ రోడ్డు. ప్రతి రెండు నిమిషాలకు ఫోన్ తీసి చూస్తున్న. ఒక్కటే టిక్కు. దోహా చేరేసరికి పన్నెండున్నర. ఆఫీసు తాళం చెయ్యి సేటు కాడ ఉన్నది, సేటు ఇల్లు ముఐథర్‌ల. అక్కడికి టాక్సీ. ఇంటినిండ చుట్టాలు. సేటు తెల్ల లాల్చీ ఏసుకొని అత్తరు పూసుకొని మస్తు సంబురంల ఉన్నడు. నన్ను కూసోబెట్టి గిన్నెల షీర్ ఖుర్మా, పాల సేమియా, పెట్టిండు. వద్దు సేట్ అన్న. ఈద్ నాడు వద్దు అనొద్దు భాయ్ అన్నడు. గటగట తాగిన.

"తాళం చెయ్యి కావాలె సేట్."

"ఏమైంది?"

చెప్పొచ్చు అప్పుడు. నోటి దాంక వచ్చింది. కాని ఆయన చుట్టాలు చూస్తున్రు, ఆయన మొఖంల ఆ సంబురం. "ఏం లేదు సేట్, ఒక వీసా కాయిదం మరిచిన. మాఫీ ముష్కిల్" అన్న. మళ్ల గదే మాట. నా నాలికను నేనే కోసుకోవాలెననిపిచ్చింది.

ఆఫీసు షట్టర్ లేపేసరికి ఒకటిన్నర. అక్కడ పదకొండున్నర. ఫైలుల మొగని నంబరు దొరికింది. చేసిన. స్విచ్ ఆఫ్. మళ్ల ఆ ఇంటి అవ్వకు చేసిన. ఎవ్వరు ఎత్తలే, ఒడ్డుకు పోయిందేమో. రెండయింది. రెండున్నర అయింది. అక్కడ పన్నెండున్నర. తొవ్వ మూసుకున్నది.

నేను ఆ చిన్న ఆఫీసుల ఎన్ని మాట్ల తిరిగిన్నో లెక్క లేదు. టేబుల్ చుట్టు, కుర్చీ చుట్టు, గోడ మీది ప్రపంచ పటం కాడికి, వాపస్. పటంల వేల్స్ నా చిటికెన ఏలు అంత లేదు. చుట్టు నీలం రంగు. ఆ నీలం రోజుకు రెండు మాట్ల కదులుతదని ఏడేండ్లు ఆ పటం ముంగట కూసున్నోనికి తెల్వదు. ప్లాన్ తీసి మళ్ల చదివిన. ‘అమ్మ గూడ మెల్లగ నడవొచ్చు’ అని నేనే రాసిన. చదువుతుంటే సిగ్గుతోని చచ్చిపోయిన. కర్ర పట్టుకొని ఆమె నీళ్లల్ల దిగుతున్నట్టు, చిన్నపిల్ల ఆమె కొంగు పట్టుకున్నట్టు, కండ్లు మూస్తే గదే కనబడుతున్నది. కండ్లు మూసుడు బంద్ చేసిన.

దేవునికి మొక్కిన. ఏ దేవునికి మొక్కాల్నో తెల్వక మా ఊరి పోచమ్మకే మొక్కిన. పోచమ్మకు సముద్రం మీద ఏమన్న చెల్లుతదో లేదో తెల్వదు.

ఐదు దాటినంక, అక్కడ మూడు దాటినంక, రెండో టిక్కు పడ్డది. నీలం అయింది. చదివిన్రు. జవాబు రాలే. ఫోన్ చేస్తే కట్ అయింది.  పది నిమిషాలకు ఒక ఫోటో వచ్చింది. కింద డాక్టరమ్మ రాత, ‘మేం బాగున్నామండీ. ఇక్కడ సిగ్నల్ లేదు.’

ఫోటో పెద్దగ చేసిన. డాక్టరమ్మ. ఇద్దరు పిల్లలు, చేతులల్ల ఐస్‌క్రీం. పక్కన బెంచీ మీద పెద్దమ్మ, భుజం మీద ఎర్ర తువ్వాల. నలుగురే. ఐదో మనిషి ఏడి?  మొగడేడి? ఫోటోల మూలలన్ని ఎతికిన. శానా సేపటికి సమజయింది, ఫోటో తీసింది ఆయననే. కింద కూలబడ్డ. ఆ టేబుల్ కింద, చెత్త బుట్ట పక్కన కూసొని ఏడ్సిన. చెప్పుకోనీకె సిగ్గెందుకు, గట్టిగనే ఏడ్సిన.

ఏడుపు ఆగినంక ఫోటోల వాళ్ల ఎనుక ఏమున్నదో చూసిన. గుట్ట ఉన్నది. తొవ్వ లేదు. తొవ్వ ఉండాల్సినకాడ నిండ నీళ్లు, నల్లగ, కదులుకుంట.

అంతే, గండం గడిచిందనుకున్న. వాళ్లు పోలేదు, బోర్డు చదివిన్రేమో, ఆ ఇంటి అవ్వ చెప్పిందేమో. నేను అడగలే. అడిగితే నేను చూడలేదని ఒప్పుకున్నట్టయితది. ‘సంతోషం మేడం’ అని ఒక్క మెసేజ్ పెట్టి ఊకున్న. తాళం చెయ్యి సేటుకు ఇచ్చిన. కాయిదం దొరికిందా అన్నడు. దొరికింది అన్న.

పది దినాలైనంక అత్తా కోడళ్లు ఆఫీసుకు వచ్చిన్రు. సేటు ఉన్నడు, చాయ్ తాగుతున్నడు. డాక్టరమ్మ శానా మెచ్చుకున్నది. పీతలు పట్టిన్రంట, ఇడిసిన్రంట. పక్షి ఒకటి పిల్లగాని ఆలుగడ్డ ముక్కలు గుంజుకపోయిందంట, మీరు రాసినట్టే జరిగిందండీ అని నవ్వింది. "గుట్ట అయితే అద్భుతం. పైన గొర్రెలున్నాయి, కింద రాళ్ల మీద సీల్స్ పడుకున్నాయి" అన్నది.

"గుట్ట ఎక్కిన్రా మేడం?" అన్న. 

"ఎక్కాం. మా అత్తయ్య మీ ప్లాన్ మార్చేశారు. పొద్దున ఎనిమిదింటికే పంపించి, పదకొండుకల్లా వెనక్కి పిలిచేశారు."

ఆమె ఫోన్ మోగితె మాట్లాడనీకె బయటికి పోయింది. పెద్దమ్మ నా ముంగట కూసున్నది. కర్ర టేబుల్‌కు ఆనిచ్చింది. గొంతు పెంచలే, సేటుకు ఇనబడకుంట మెల్లగనే మాట్లాడింది.

"నువ్వు చూడలేదని నాకు ఆ రోజే తెలుసు నాయనా. నీ మొహం చూశాగా. మీ యజమాని పక్కనే ఉన్నాడని నేనేం అనలేదు. కొలువు నీది, ఎందుకు పోగొట్టాలి?"

నేను టేబుల్ దిక్కు చూస్తున్న.

"వేళలు కనుక్కోమంటే మావాళ్ళు, ఆయన చూశారుగా అన్నారు. దిగిన రోజునుంచీ ఒడ్డున ఫోటోలో ఉన్న ఆ బల్ల మీదే కూర్చున్నా. రెండు రోజులు. నీళ్ళు ఎప్పుడు తీస్తున్నాయి, ఎప్పుడు ఎక్కుతున్నాయి, ఏ రాయి ముందు మునుగుతోంది, అన్నీ గుర్తు పెట్టుకున్నా. వీళ్ళు కోటకెళ్ళారు, బొగ్గు బండెక్కారు. నేను బల్ల మీదే. మూడో రోజు పొద్దున్నే వీళ్ళని పంపా. మా అబ్బాయితో చెప్పా, నేను ఎర్ర తువ్వాలు ఊపానంటే పరిగెత్తుకు రావాలి, ఇంకో ఫోటో అనకూడదు అని. మా ఊళ్ళో మా అమ్మ అలాగే ఊపేది. ఊపా. వచ్చేశారు."

సేటు కప్పు కింద పెట్టిండు. ఆయనకు ఇనబడ్డదో లేదో తెల్వదు. ఇగ ఇనబడినా మంచిదే అనిపిచ్చింది నాకు. ఇన్నేండ్లల్ల మొదటిసారి ఆ కుర్చీల కదలకుంట కూసున్న.

"ఇప్పుడు చెప్పు. సముద్రం వచ్చే వేళ చూశావా ఆ రోజు?"

"చూడలేదమ్మా. నాకు తెల్వదు. సముద్రం వచ్చి పోతదని గూడ నాకు తెల్వదు."

సేటు నాదిక్కు మర్లిండు. పెద్దమ్మ తల ఊపింది. కర్ర అందుకొని, టేబుల్ పట్టుకొని మెల్లగ లేసింది. నా కంప్యూటర్ దిక్కు, అప్పుడు గుట్ట ఫోటో చూపిచ్చిన దిక్కు, ఒకసారి చూసింది.

"ఎవరో ఒకరు ఒడ్డున ఉండాలి గదా, అందుకని ఉండిపోయా" అన్నది. "తెలీదన్న ఈ మాట నువ్వు ఆ రోజే అనుంటే, మా అబ్బాయే వేళలు కనుక్కునేవాడు. నేనూ ఎక్కేదాన్ని నాయనా ఆ గుట్ట."